షంట్ ఉన్నవాళ్లకు రోజూ తలనొప్పి: ఎప్పుడు ఓర్చుకోవాలి, ఎప్పుడు విశాఖ బయల్దేరాలి?

గుణుపురం కోడలు
సోమవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. పుట్టిల్లు పాలకొండ వైపు. నాకు టీబీ మెదడు పొరలకు పాకి, తలలో నీరు చేరితే విశాఖలో వీపీ షంట్, అంటే ఆ నీటిని పొట్టలోకి దింపే గొట్టం, వేశారు. రెండేళ్లు దాటింది. టీబీ మందుల కోర్సు పూర్తయింది. నడుస్తున్నాను, వండుతున్నాను, దుకాణంలో లెక్కలు కూడా రాస్తున్నాను. తలనొప్పి మాత్రం వదల్లేదు. రోజూ ఉంటుంది. పొద్దున కాస్త నయం. మధ్యాహ్నం దాటేసరికి కణతల దగ్గర మొదలై, షంట్ ఉన్న వైపు చెవి వెనక నుంచి మెడ దాకా లాగేస్తుంది. జడ గట్టిగా అల్లితే ఇంకా ఎక్కువ.

సీటీ తీయించాం. షంట్ బాగానే పనిచేస్తోంది, కంగారు పడొద్దన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంట్లో నా నొప్పికి విలువ పోయింది. మా అత్తగారు చెడ్డావిడ కాదు. కానీ "ఫోటోలో ఏమీ లేదన్నారు కదమ్మా, ఇంకా ఏటి నొప్పి" అంటారు. మెడికల్ షాపులో తలనొప్పి బిళ్ల తెచ్చుకుని వేసుకుంటున్నాను. అది పడితేగానీ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడలేను.

నొప్పి వచ్చిన ప్రతిసారీ విశాఖ పరిగెత్తాలా? ఏది మామూలు నొప్పి, ఏది షంట్ నొప్పి అని మీరు ఎలా పోల్చుకుంటున్నారు? ఇక్కడి నుంచి విశాఖ అంటే ఆయన దుకాణం మూయాలి, పిల్లను ఎవరికైనా అప్పజెప్పాలి. ఊరికే వెళ్లి "ఏమీ లేదు" అనిపించుకుని రావడానికి మొహం చెల్లడం లేదు.

పర్లాకిమిడి అమ్మ
సోమవారం, రాత్రి 9.50

అమ్మా, ఇంట్లోవాళ్లు నీ నొప్పిని నటన అనుకుంటున్నారేమోనని మనసులో పెట్టుకోకు. మా గుంటడికి పుట్టుకతోనే నడుం దగ్గర గడ్డ, దాంతోపాటు తలలో నీరు. నెలల పిల్లాడప్పుడే షంట్ పడింది. ఇప్పుడు మూడో తరగతి. వాడికి తలనొప్పి అని చెప్పడం వచ్చేదాకా నేనే చూసి తెలుసుకునేదాన్ని. అన్నం వద్దంటాడు, పొద్దున లేవగానే వాంతి చేసుకుంటాడు, ఆడుకుంటూ ఆడుకుంటూ మూలన కూర్చుంటాడు. చంటివాడప్పుడు మాడు ఉబ్బేది, కనుపాపలు కిందికి దిగిపోయి పైన తెల్లగుడ్డు కనిపించేది. ఒకసారి షంట్ మూసుకుపోయి ఆపరేషన్ మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఆ రోజు సంగతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పాసింజర్ ఎక్కి విశాఖ తీసుకెళ్తున్నాం. టెక్కలి దాటాక వాడు నిద్రపోయాడు. పక్క సీట్లో పెద్దావిడ "పాపం, పడుకోనీ, లేపకు" అంది. నాకు ఎందుకో గుండె ఆగలేదు. బుగ్గ మీద తడితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేశాడు. నీళ్లు చల్లినా అంతే. అది నిద్ర కాదు, మత్తు. శ్రీకాకుళం రోడ్డులో దిగి 108 పిలిచాం. అక్కడి నుంచి అంబులెన్స్‌లోనే వెళ్లాం.

కాబట్టి మత్తుగా ఉన్న మనిషిని రైలెక్కించకండి. 108 ఒడిశాలోనూ ఉంది, ఆంధ్రాలోనూ ఉంది.

బరంపురం లారీ
సోమవారం, రాత్రి 10.30

చెల్లెమ్మా, నన్నడిగితే ఆ గొట్టం తీయించేసుకో. ఒంట్లో పరాయి వస్తువు ఉంటే నొప్పి రాక ఏమవుతుంది? మా బావమరిదికి చేతిలో రాడ్డు వేశారు, తీసేశాక నొప్పి పోయింది. అంతదాకా చెవి వెనక ఉబ్బుగా ఉంటుంది చూడు, దాన్ని రోజూ నాలుగుసార్లు వేలితో నొక్కితే నీరు దిగి తేలికవుతుందని మా దగ్గర ఒక కాంపౌండర్ చెప్పాడు.

కొరాపుట్ కుర్రోడు
సోమవారం, రాత్రి 10.41

అన్నయ్యా, దండం పెడతా, ఆ సలహా వెనక్కి తీసుకోండి. ఆ ఉబ్బు వాల్వ్. దాన్ని నొక్కి చూడడం సర్జన్ పని, అది కూడా అవసరమైతేనే. మనం నొక్కుతూ కూర్చుంటే నీరు ఒక్కసారిగా ఎక్కువ దిగొచ్చు. పైగా నొక్కితే లోపలికి పోయింది, మళ్లీ లేచింది, కాబట్టి బాగుంది అనుకుంటే అది కూడా నమ్మదగ్గ పరీక్ష కాదని మా డాక్టర్ చెప్పారు. షంట్ తీయడం చేతి రాడ్డు తీసినట్టు కాదు. నీటికి వేరే దారి లేనివాళ్లకు అది తీసేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నాకు పసితనంలోనే వేశారు. ఇప్పుడు డిగ్రీ. నా అనుభవంలో రోజూ వచ్చే తలనొప్పుల్లో చాలావరకు షంట్‌వి కావు. కానీ ఏదో ఒకటి దానిదే అవుతుంది. అదే టెన్షన్.

రాయగడ సిస్టర్
మంగళవారం, ఉదయం 6.20

నేను డాక్టర్‌ని కాదు. విశాఖలో న్యూరోసర్జరీ వార్డులో కొన్నేళ్లు డ్యూటీ చేశాను, పెళ్లయ్యాక రాయగడ వచ్చేశాను. నాకు తెలిసింది చెప్తాను, మీ డాక్టర్ మాటే ఫైనల్.

గుణుపురం తల్లీ, వార్డులో పెద్ద డాక్టర్ మొదట అడిగేది నొప్పి ఎంత అని కాదు, ఎప్పుడు అని. షంట్ మూసుకుపోయి నీరు దిగకపోతే తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ నొప్పి పడుకుంటే ఎక్కువవుతుంది, తెల్లవారుజామున లేపేస్తుంది, దగ్గినా ముక్కినా పొడుస్తుంది. దానికి వాంతులు, మత్తు, ఒకటి రెండుగా కనిపించడం తోడవుతాయి. నీరు మరీ ఎక్కువ దిగిపోతే దీనికి తలకిందులు. లేచి నిలబడితే నొప్పి, వెల్లకిలా పడుకుంటే హాయి, పొద్దు ఎక్కేకొద్దీ పెరుగుతుంది. నీది మధ్యాహ్నం దాటాక అంటున్నావు. కాబట్టి ఒక ప్రశ్న: ఆ నొప్పి వచ్చినప్పుడు ఓ అరగంట దిండు లేకుండా పడుకుంటే ఏమవుతుంది?

రెండో ప్రశ్న, దీనికి సిగ్గుపడకుండా జవాబు చెప్పు. నెలలో ఎన్ని రోజులు బిళ్ల వేసుకుంటున్నావు? ఆ పట్టీ వెనక ఏమేం మందులు రాసి ఉన్నాయి?

జయపురం మాస్టారు
మంగళవారం, ఉదయం 8.05

సిస్టర్ చెప్పిన "ఎక్కువ దిగడం" నాకు జరిగింది. నేను రిటైర్డ్ సైన్సు మాస్టారిని. నాకు తలనొప్పితో మొదలవ్వలేదు. నడక పోయింది. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఉండేవి. తర్వాత ఒంటేలు ఆపుకోలేకపోవడం, ఆ పైన మతిమరుపు. వయసు అనుకున్నారు అందరూ. చివరికి ఒక న్యూరాలజిస్టు ఇది పెద్దవాళ్లకు వచ్చే ఒక రకం తలనీరు అని పట్టుకున్నాడు. షంట్ వేశాక నడక తిరిగొచ్చింది. తలనొప్పి కొత్తగా వచ్చింది!

ఎందుకో చెప్తాను, నా పాత వృత్తి ఊరుకోనివ్వదు. మెదడులోని గదుల్లో రోజుకు సుమారు అర లీటరు నీరు ఊరుతుంది. ఏ క్షణాన చూసినా ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. అంటే రోజుకు మూడు నాలుగు సార్లు ఆ నీరు మారుతోందన్నమాట. ఊరినది ఊరినట్టు రక్తంలో కలిసిపోవాలి. టీబీ వల్లో, పుట్టుకతోనో ఆ దారి మూసుకుపోతే గదులు ఉబ్బుతాయి. షంట్ ఆ నీటిని చర్మం కింద గొట్టంలో పొట్టలోకి దింపుతుంది. మధ్యలో వాల్వ్, ఇంత ఒత్తిడి దాటితేనే తెరుచుకోవాలి. ఇక్కడే చిక్కు. మనిషి నిలబడితే తల పైన, పొట్ట కింద. డ్రమ్ములోంచి గొట్టంతో డీజిల్ లాగితే, ఒకసారి పారడం మొదలయ్యాక దానంతటదే ఎలా దిగుతుందో, నిలబడిన మనిషిలో నీరు అలా లాగేసుకుంటుంది. దాన్ని అడ్డుకోవడానికి కొన్ని వాల్వ్‌లలో వేరే ఏర్పాటు ఉంటుంది. అన్నిట్లో ఉండదు.

నాది బయటి నుంచి మార్చగల ప్రోగ్రామబుల్ వాల్వ్. క్లినిక్‌లో ఒక అయస్కాంత పరికరం తల మీద పెట్టి సెట్టింగు ఒక మెట్టు పైకి జరిపారు. కోత లేదు, కుట్టు లేదు. కొన్ని వారాల్లో నిలబడితే వచ్చే నొప్పి తగ్గింది. మన దేశంలో చాలామందికి వేసేది ఛాబ్రా షంట్, ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారవుతుంది. మామూలు రకం సెట్టింగు మారదు, మార్చాలంటే వాల్వే మార్చాలి. కాబట్టి నీకు ఏది వేశారో డిశ్చార్జ్ కాగితంలో చూసుకోవడం ముఖ్యం.

ఇంకో ముచ్చట. నేటి వాల్వ్‌లకు పూర్వీకుడి లాంటిదాన్ని 1956లో చేసినవాడు డాక్టర్ కాదు. అమెరికాలో తాళాల కంపెనీలో పనిచేసే జాన్ హోల్టర్ అనే మెకానిక్. కొడుకుకు ఇదే జబ్బు. గ్యారేజీలో కూర్చుని సిలికోన్ వాల్వ్ తయారుచేశాడు.

బరంపురం లారీ
మంగళవారం, ఉదయం 8.40

మాస్టారూ, డీజిల్ మాట చెప్పారు కాబట్టి నాకు వెంటనే ఎక్కింది. నొక్కమన్నది వదిలేయండి చెల్లెమ్మా. కాంపౌండర్‌కి కూడా చెప్తాను.

గుణుపురం కోడలు
మంగళవారం, మధ్యాహ్నం 2.10

సిస్టర్ గారూ, పడుకుని చూశాను. పెద్ద తేడా లేదు. బిళ్ల వేసుకుంటే గంటలో తగ్గుతుంది, మళ్లీ రాత్రికి తిరిగొస్తుంది. ఎన్ని రోజులు అంటే, వేసుకోని రోజు ఏదో గుర్తు రావడం లేదు. పట్టీ వెనక పారాసెటమాల్, ఇంకో మందు, కెఫీన్ అని ఉంది.

రాయగడ సిస్టర్
మంగళవారం, రాత్రి 8.30

తల్లీ, నాకు మొదట అనుమానం వచ్చింది దానిమీదే. తలనొప్పి బిళ్లలే తలనొప్పి తెప్పిస్తాయి. వింటే విడ్డూరంగా ఉంటుంది కానీ ఇది డాక్టర్ల పుస్తకాల్లో పేరున్న జబ్బు. ఒట్టి పారాసెటమాల్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవి నెలకు 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే, మెదడు దానికి అలవాటుపడి మందు దిగగానే మళ్లీ నొప్పి లేపుతుంది. షంట్ ఉన్నవాళ్లు దీంట్లో తేలిగ్గా ఇరుక్కుంటారు, ఎందుకంటే వాళ్లు నొప్పికి భయపడతారు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. రేపటి నుంచి ఆపేయమని నేను చెప్పడం లేదు. ఆపితే మొదటి కొన్ని రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది, వికారం కూడా ఉండొచ్చు. షంట్ లేనివాళ్లకైతే ఓర్చుకోమని చెప్పొచ్చు. నీకు ఆ పెరిగిన నొప్పి షంట్‌దా, బిళ్ల మానినందుకా అన్నది తేల్చడానికి డాక్టర్ ఉండాలి. వెళ్లేముందు ఒక నోటు పుస్తకంలో రోజూ ఒక్క లైను రాయి: ఎన్ని గంటలకు మొదలైంది, పడుకున్నావా నిలబడ్డావా, ఏం వేసుకున్నావు, వాంతి ఉందా, నెలసరి ఎప్పుడు. నెలసరి ఎందుకంటే మైగ్రేన్ షంట్ ఉన్నవాళ్లకూ వస్తుంది. ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి రెండూ.

చెవి వెనక నుంచి మెడ దాకా లాగడం, జడకు నొప్పి, అది గొట్టం వెళ్లే దారి, కుట్ల మచ్చ ఉండే చోటు. అక్కడ కండ బిగుసుకుంటుంది. వదులు జడ వేసుకో, క్లిప్పు ఆ వైపు పెట్టకు. కట్టెల మోపు, నీళ్ల బిందె తల మీద వద్దు. ఆ గొట్టం వెంబడి ఎర్రబడినా, వాచినా, చీము కనిపించినా మాత్రం అది వేరే లెక్క, ఆలస్యం చేయొద్దు.

పేపర్ మిల్లు
మంగళవారం, రాత్రి 9.25

జేకేపూర్ నుంచి. నా భార్యకు నీరు చేరే జబ్బు కాదు, తలలో ఒత్తిడి పెరిగే జబ్బు. స్కాన్‌లో గదులు మామూలుగానే ఉంటాయి, ఒత్తిడి మాత్రం ఎక్కువ. వయసులో ఉన్న, కాస్త బరువెక్కిన ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుందట. మొదట ఆ ఒత్తిడి తగ్గించే డయామాక్స్ బిళ్లలు ఇచ్చారు, బరువు తగ్గమన్నారు. చూపు మసకబారుతోందని చివరికి షంట్ వేశారు. మాకు నేర్పిన పాఠం ఒకటే: కంటి డాక్టర్. కంట్లో చుక్కల మందు వేసి లోపలి నరం చూస్తారు. ఒత్తిడి పెరిగితే ఆ నరం వాస్తుంది. సీటీలో తెలియనిది అక్కడ తెలిసిన రోజులున్నాయి మాకు. రాయగడలోనే అయిపోతుంది, విశాఖ అక్కర్లేదు.

కొరాపుట్ కుర్రోడు
మంగళవారం, రాత్రి 11.05

పైన అన్నయ్య చెప్పింది బంగారం. నాలాంటి పసితనం నుంచి షంట్ ఉన్నవాళ్లలో కొందరికి మెదడు గదులు సన్నగా గీతల్లా అయిపోతాయి. గోడలు బిగుసుకుపోయి, షంట్ మూసుకుపోయినా ఉబ్బవు. నాకు ఇంటర్‌లో అదే జరిగింది. ఒక చోట సీటీ చూసి "గదులు చిన్నగా ఉన్నాయి, నీరు లేదు, ఇంటికి వెళ్లు" అన్నారు. మా నాన్న పాత ఫిల్ములు సంచిలో పెట్టుకుని విశాఖ తీసుకెళ్లారు. అక్కడి సర్జన్ రెండూ లైటు ముందు పక్కపక్కన పెట్టి, ఇదివరకు ఇంతకంటే సన్నగా ఉండేవి, ఈ కాస్త వెడల్పే తేడా అన్నారు.

అందుకే, నొప్పి లేని మంచి రోజుల్లో తీయించిన సీటీ ఒకటి పదిలంగా దాచుకోండి. ఫిల్ము మడతపడుతుంది కాబట్టి సీడీ కూడా అడగండి. ఊరికే పదేపదే సీటీ తీయించుకోవడం మంచిది కాదు, రేడియేషన్ ఉంటుంది. గొట్టం తెగిందేమో చూడ్డానికి తల నుంచి పొట్ట దాకా మామూలు ఎక్స్‌రేలు తీస్తారు.

ప్రోగ్రామబుల్ వాల్వ్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఎంఆర్ఐ తీయించుకుంటే ముందే చెప్పండి. కొన్ని రకాల్లో సెట్టింగు మారిపోతుంది, అయ్యాక సరిచూడాలి. పెద్ద హెడ్‌ఫోన్లు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్లు వాల్వ్‌కి ఆనించకండి. నేను ఫోన్ రెండో చెవితో మాట్లాడతాను, అంతే, పెద్ద కష్టమేం కాదు.

పర్లాకిమిడి అమ్మ
బుధవారం, ఉదయం 7.15

మలబద్ధకం ఎవరూ చెప్పలేదు. నవ్వకండి. మా గుంటడికి పొట్ట బిగిస్తే తలనొప్పి వస్తుంది. గొట్టం దిగేది పొట్టలోకే కదా, అక్కడ ఒత్తిడి పెరిగితే నీరు దిగడానికి అడ్డం. పొట్ట కదిలితే వాడి తల తేలికపడుతుంది. పొట్టలో నొప్పి, దానికి జ్వరం కలిస్తే మాత్రం ఇన్‌ఫెక్షన్ కావచ్చని భయం. అప్పుడు ఆముదం, వాము నీళ్లు అంటూ కూర్చోం.

మజ్జిగౌరమ్మకు తలనీలాలు మొక్కుకున్నాం. ఆపరేషన్ మచ్చ మీద కత్తి పెట్టొచ్చా అని భయంగా ఉంది. ఎవరైనా చేయించారా?

పేపర్ మిల్లు
బుధవారం, ఉదయం 7.50

చేయించాం వదినా. కుట్లు పూర్తిగా మానాకే, డాక్టర్‌ని అడిగి. మంగలికి ముందే వాల్వ్ చూపించాం. అక్కడ కత్తి బదులు ట్రిమ్మర్ వాడాడు. అమ్మవారికి ట్రిమ్మర్ పట్టింపు ఉండదులెండి.

బరంపురం లారీ
బుధవారం, ఉదయం 9.00

ఇంతకీ చెల్లెమ్మ అడిగినదానికి జవాబు రాలేదు. ఎప్పుడు బయల్దేరాలి? ఇన్ని చెప్పారు, ఆవిడకి రాత్రి పన్నెండింటికి నొప్పి వస్తే ఏం చేయాలి?

రాయగడ సిస్టర్
బుధవారం, రాత్రి 8.10

సరిగ్గా అడిగారు అన్నయ్యా. నేను మా వాళ్లకు చెప్పేది ఇది. రోజూ వచ్చే నొప్పి రోజూలాగే ఉంటే, మనిషి మామూలుగా మాట్లాడుతూ, తింటూ, నడుస్తూ ఉంటే, ఆ రాత్రి ఇంట్లోనే ఉండొచ్చు, పుస్తకంలో రాయండి. నొప్పి తీరు మారితే, అంటే ఎప్పుడూ లేని చోట, ఎప్పుడూ లేని వేళ, ఎప్పుడూ లేనంత, ఆలస్యం చేయకుండా చూపించుకోండి. నొప్పికి వాంతులు తోడై ఆగకపోయినా, మనిషి మత్తుగా ఉన్నా, లేపితే సరిగా లేవకపోయినా, రెండుగా కనిపించినా, చూపు తగ్గినా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, జ్వరంతో మెడ పట్టేసినా, తెల్లారేదాకా కూడా ఆగొద్దు. 108 పిలిచి దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్లి, "షంట్ ఉంది" అనే మాట మొదటే చెప్పండి. లేకపోతే జ్వరం, గ్యాస్ అని సెలైన్ ఎక్కిస్తూ గంటలు పోతాయి. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు బరంపురం మెడికల్ కాలేజీ ఒక దారి, విశాఖ ఒక దారి, ఆ వేళకు ఏది త్వరగా దొరికితే అది. ఎక్కడ న్యూరోసర్జన్ ఉన్నాడో మంచి రోజుల్లోనే ఫోన్ చేసి తెలుసుకుని పెట్టుకోండి.

షంట్ మూసుకుపోవడం అరుదు కాదు. పిల్లల్లో అయితే మొదటి రెండేళ్లలోనే దాదాపు సగం మందికి ఏదో ఒక తేడా వచ్చి మళ్లీ చేయాల్సి వస్తుంది. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు తల్లీ. వెళ్లి "ఏమీ లేదు" అనిపించుకుని రావడం పరువు తక్కువ కాదని చెప్పడానికి. ఆసుపత్రిలో మాకు అలాంటివాళ్లు రోజూ వస్తారు, ఎవరూ నవ్వరు.

పేపర్ మిల్లు
బుధవారం, రాత్రి 9.30

ఖర్చు విషయం. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి కొత్త కార్డు ఇచ్చారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. విశాఖలో నమోదైన ఆసుపత్రి అయితే మన కార్డు చెల్లాలి, కానీ వెళ్లేముందే ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ కౌంటర్‌కి ఫోన్ చేసి న్యూరోసర్జరీ ఉందా అని అడగండి. ఆధార్‌లో పేరు, కార్డులో పేరు ఒకటే ఉండాలి. ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా పడిన ఇంటిపేరుతో మేం పడిన తిప్పలు ఇంకో రోజు రాస్తాను.

జయపురం మాస్టారు
గురువారం, ఉదయం 6.40

పేపర్లో రాసి పర్సులో పెట్టుకోండి: షంట్ ఏ వైపు, ఏ కంపెనీ, ఏ వాల్వ్, ఎంత సెట్టింగు, ఏ ఊళ్లో ఎప్పుడు వేశారు. ఫోన్‌లో ఫోటో కూడా ఉండనివ్వండి. ఫోన్ లాకు వేసుకుని మత్తులో పడిపోతే ఆ ఫోటో ఎవరికీ అందదు, అందుకే కాగితం.

గుణుపురం కోడలు
ఆదివారం, రాత్రి 8.45

చాలా వారాలకు వచ్చాను, క్షమించండి. మొదట రాయగడలో కంటి డాక్టర్‌కి చూపించాం. నరం వాపు లేదన్నారు. ఆ కాగితం, నోటు పుస్తకం పట్టుకుని విశాఖ వెళ్లాం. పుస్తకం తీసుకుని డాక్టర్ గారు నేను రాసినది చదివారు, నిజంగా ప్రతి లైనూ చదివారు. బిళ్లల గురించి సిస్టర్ చెప్పిందే చెప్పారు. ఆ పాత బిళ్ల మాన్పించి, రాత్రి పూట వేసుకోవడానికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ అనే, నొప్పి రాకుండా ఆపే బిళ్ల రాశారు. మొదటి వారం నరకం. ఒక రాత్రి ఇక షంటే అనుకుని ఏడ్చాను. మా ఆయన ప్రతి రెండు గంటలకూ నన్ను లేపి "ఏ ఊరు మనది, పిల్ల పేరేంటి" అని అడిగేవారు. చివరికి "గుణుపురం! పడుకోనివ్వండి!" అని అరిచేశాను. అప్పుడు ఆయనకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు నొప్పి లేని రోజులు ఉన్నాయి. పూర్తిగా పోలేదు. ఎండలో తిరిగినా, నిద్ర చాలకపోయినా వస్తోంది. మెడ లాగడం అలాగే ఉంది.

ఇంకో విషయం అడగాలి. మేం రెండో బిడ్డ అనుకుంటున్నాం. షంట్ ఉంటే కుదురుతుందా? మా అమ్మ వద్దే వద్దంటోంది.

రాయగడ సిస్టర్
ఆదివారం, రాత్రి 10.00

ఆయన పద్ధతి నాకు నచ్చింది తల్లీ, ఆయనకు చెప్పు.

షంట్ ఉన్నవాళ్లు పిల్లల్ని కంటున్నారు. మామూలు కాన్పు కూడా చాలామందికి అవుతుంది. కాకపోతే ముందే చెప్పుకోవాలి, అయ్యాక కాదు. రాత్రి వేసుకునే బిళ్ల కొనసాగించాలా వద్దా అన్నది న్యూరో డాక్టర్, కాన్పుల డాక్టర్ ఇద్దరూ కలిసి తేల్చాలి. సొంతంగా ఆపకు. నెలలు నిండేకొద్దీ పొట్టలో ఒత్తిడి పెరిగి కొందరికి షంట్ సరిగా దిగదు, చివరి మూడు నెలలు ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. ఆ నెలల్లో తలనొప్పి, వాంతులు వస్తే రెండు అనుమానాలు పెట్టుకోవాలి: ఒకటి షంట్, రెండోది బీపీ. గర్భిణికి బీపీ పెరిగినా ఇవే గుర్తులు. కాబట్టి ముందు బీపీ చూడమను, బీపీ బాగుందంటే అక్కడితో వదిలేయనివ్వకు. ఆపరేషన్ కాన్పు అయితే పొట్టలో గొట్టం ఉందని సర్జన్‌కి తెలియాలి.

పర్లాకిమిడి అమ్మ
సోమవారం, ఉదయం 6.55

ఫోలిక్ యాసిడ్ బిళ్ల గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టమ్మా. బిడ్డ వెన్ను మూసుకునేది మొదటి నెలలోనే, మనకు నెల తప్పిందని తెలిసేలోపే. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు. నాలాగా వెన్ను దోషంతో బిడ్డ పుట్టినవాళ్లకు అంతకంటే చాలా ఎక్కువ మోతాదు ఇస్తారు, అది డాక్టర్ రాస్తేనే. ఆశా దిదిని అడిగితే ఆసుపత్రిలో ఎక్కడ ఇస్తారో చెప్తుంది. మీ అమ్మగారితో నేను మాట్లాడాలంటే మాట్లాడతాను, నంబరు ఇక్కడ పెట్టకు, విడిగా మెసేజ్ చెయ్యి.